పిలిస్తే లేచే మాటలు

సువార్త ఫోన్ చేసినప్పుడు నేను తెనాలి మార్కెట్లో బెండకాయల కొసలు విరిచి చూస్తున్నాను. విరవొద్దమ్మా అని బండి అతను మొత్తుకుంటున్నాడు.

"షాహీనూ, డ్రిల్లు టీచరుగారు పోయారే. రేపు రేపల్లెలో భూస్థాపన. బిటైమ్స్ వచ్చెయ్," అని చెప్పి పెట్టేసింది సువార్త.

బిటైమ్స్ అంటే పెందలాడే అని అర్థం. ఇంగ్లీషు మాటే. కాకపోతే ఇంగ్లీషువాళ్ళు దాన్ని ఎప్పుడో వదిలేశారు. రేపల్లెలో ఆ టీచరుగారి దగ్గర బాల్ బ్యాడ్మింటన్ ఆడిన ఆడపిల్లలం మాత్రం వదల్లేదు. మా అమ్మాయిని పొద్దున్నే లేపడానికి నేను వాడతాను. సువార్త గుంటూరులో నర్సు. మందులు వేళకి వేసుకోమని పేషెంట్లకి చెప్పేటప్పుడు అది వాడుతుంది. వాళ్ళు అదేదో డాక్టర్ల మాట అనుకుని బుద్ధిగా వేసుకుంటారట.

ఈ అలవాటు మాకు అంటించిన మనిషి ఇక లేరంటే నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. పోయేముందు ఒక్క మాట చెప్పొద్దా? ఆ కోపంలోనే బెండకాయలు తూకం వేయించుకుని ఇంటికొచ్చి, వాటిని తరుగుతూ ఏడ్చాను. "ఉల్లిపాయలకి ఏడుస్తారు గానీ బెండకాయలకి ఏడవడమేంటి?" అన్నాడు మా ఆయన. చెప్పడం మొదలుపెడితే అన్నం చల్లారిపోతుందని ఊరుకున్నాను.

టీచరుగారు ఎలా ఉండేవారో చెప్పాలంటే ముందు బూట్ల దగ్గర మొదలుపెట్టాలి. నేత చీర, కుచ్చిళ్ళు కాస్త ఎత్తి నడుములో దోపుకుని, కింద తెల్ల కాన్వాసు బూట్లు. ఆదివారం లూథరన్ గుడికి కూడా అవే. పాస్టరుగారు ఆశీర్వచనానికి చేతులెత్తగానే ఆవిడ వెనక వరసలో వంగి లేసులు బిగించుకునేవారని సువార్త చెప్పేది. ఆమేన్ అయ్యేసరికి గుమ్మంలో ఉండేవారు. ఆదివారం మా ప్రాక్టీసు గుడి వదిలీ వదలగానే.

మెడలో నల్లదారానికి ఈల ఉండేది. ఆవిడ దాన్ని ఊదగా నేనెప్పుడూ వినలేదు. "ఈల రైలు గార్డుకి కావాలి. నాకెందుకమ్మా, నోరుందిగా," అనేవారు. చేతిలో ఎప్పుడూ గొడుగు. ఎండకీ వానకీ కాదు, కోర్టు కొలవడానికి. పొడుగుకి ఇన్ని గొడుగులు, వెడల్పుకి ఇన్ని గొడుగులు అని ఆవిడకో లెక్క, సున్నం గీతలు ఆ లెక్క ప్రకారమే పడేవి. పోటీలు పెట్టినప్పుడు అంపైర్లు టేపు పట్టి చూస్తే సరిగ్గా ఉండేది. ఎప్పుడైనా సరిపోకపోతే టేపు సాగిందనేవారు.

పెళ్ళి చేసుకోలేదు. ఆ సంగతి ఎవరైనా కదిపితే, "స్పిన్‌స్టర్ అంటే పెళ్ళికానిదని ఇప్పుడంటున్నారు గానీ, మొదట్లో అర్థం నూలు వడికే ఆడమనిషి అండీ. నేను ఉన్ని చుడతాను. నాకేంటి లోటు?" అనేవారు. నిజంగానే కూర్చుంటే చాలు, ఆవిడ చేతిలో ఉన్ని ఉండేది. మా ఆటలో బంతి పసుపు ఉన్నిది. ఆడగా ఆడగా వదులైపోతుంది. పాత బంతుల్ని విప్పి బిగించి మళ్ళీ చుట్టేవారు. మ్యాచి జరుగుతున్నంతసేపూ బెంచీ మీద కూర్చుని అదే పని. నోరు విప్పేవారు కాదు, కనీసం మా వైపు చూసేవారు కాదు. చూడండి టీచర్ అని బతిమాలితే, "ఆడేది మీరు. నేను చూస్తే బంతి లోపల పడిద్దా?" అనేవారు.

ఇక పుస్తకం సంగతి. మా బ్యాట్లు కర్రవి. రేపల్లె గాలిలో తేమ ఎక్కువ, వానాకాలం వచ్చిందంటే బ్యాటు చట్రం వంకర తిరిగిపోయేది. తిరగకుండా బిగించి ఉంచే చెక్కలకి మరలు ఎప్పుడో ఊడిపోయాయి. అందుకని ఆటసామాను గదిలో బ్యాట్లన్నీ బల్ల మీద పేర్చి, వాటి మీద ఓ ఇంగ్లీషు నిఘంటువు పెట్టేవారు టీచరుగారు. రెండు చేతులతో గానీ లేచేది కాదు. ఆవిడ తాతగారు మిషను బంగళాలో వంటమనిషి. దొరసానులు దేశం వదిలి వెళ్ళిపోయేటప్పుడు గిన్నెలూ కుర్చీలూ తలా ఒకటి తీసుకుంటే ఆయన ఆ పుస్తకం తీసుకున్నారట. ఆయనకి ఇంగ్లీషు రాదు. "బరువుగా ఉంది, ఎందుకైనా పనికొచ్చిద్దని తెచ్చాడమ్మా," అనేవారు టీచరుగారు.

బ్యాటు కావాలంటే ఆ పుస్తకం ఎత్తాలి. ఎత్తిన పిల్ల దాన్ని తెరిచి, పక్కన సిలువలాంటి గుర్తు ఉన్న మాట ఒకటి వెతికి పైకి చదవాలి. టీచరుగారు దాని అర్థం తెలుగులో చెబితే అందరం తిరిగి చెప్పాలి. అప్పుడే బ్యాటు. ఆ గుర్తు వాడుకలోంచి పోయిన మాటలకి వేస్తారు. మా మొదటి రోజున నేనే అడిగాను. అన్నిటికీ ముందుపడి అడగడం నా చిన్నప్పటి జబ్బు.

"చచ్చిపోయిన మాటలు మాకెందుకు టీచర్?"

"చచ్చిపోయినయ్యని ఎవరన్నారు?"

"పక్కన సిలువేసుందిగా."

"సిలువేస్తే అయిపోయినట్టేనా? మూడోరోజు లేచిన సంగతి సువార్తనడుగు, చెప్పిద్ది." బుగ్గలో ఉన్న లవంగాన్ని ఇటునుంచి అటు మార్చుకున్నారు. "పిలవాలమ్మా. ఎవరూ పిలవక పడుకున్నయ్. పిలిస్తే లేస్తయ్."

ఆ మాట చాలాసార్లు విన్నాను. ఆవిడకి అదొక పంతం. ఏ దేశంలోనో ఎవరో పెద్దమనిషి కుర్చీలో కూర్చుని ఇది చచ్చింది, ఇది బతికుంది అని గుర్తులు వేసుకుంటూ పోవడం ఆవిడకి ససేమిరా నచ్చేది కాదు. ముఖ్యంగా ఓవర్‌మారో దగ్గర మండిపడేవారు. ఓవర్‌మారో అంటే ఎల్లుండి. "ఎల్లుండిని ఎవరన్నా పారేసుకుంటారా అమ్మా? ఇప్పుడు ఎల్లుండి అనాలంటే వాళ్ళకి రేపటి తర్వాతి రోజు అని ఇంత పొడుగున చెప్పుకోవాల్సొచ్చింది. చూస్తే జాలేసిద్ది."

కోర్టులో మేం ఐదుగురం. ముందు ఇద్దరు, మధ్యలో కెప్టెన్ సువార్త, వెనక ఇద్దరు. వెనక ఎడమవైపు నేను. ఆటలో ఒకరికొకరం కేకలు వేసుకోవాలి. తెలుగులో అరిస్తే అవతలివాళ్ళకి తెలిసిపోతుంది. అందుకని టీచరుగారు సిలువ మాటల్లోంచి కొన్ని ఏరి మాకిచ్చారు. హిదర్ అంటే ఇటు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లకి ఆ మాట ఒకరు నేర్పాలా? మా నాన్న తన సైకిల్ షాపులో అస్తమానం అనే 'ఇధర్' కాస్త పొగరుగా అంటే హిదర్ అయిపోయింది. యాండర్ అంటే అల్లంత దూరాన. బంతి పొడుగ్గా వస్తోంది, వెనక్కి పొమ్మని. ఎనాన్ అంటే ఇదిగో ఇప్పుడే. నేనొస్తున్నా, నాకు వదిలెయ్యమని. విడర్‌షిన్స్ అంటే ప్రదక్షిణానికి ఎదురు తిరగడం. ఆ కేక పడగానే ఐదుగురం అటువైపుగా తలా ఒక చోటు జరిగిపోవాలి. అవాంట్ అంటే పో అవతలికి. అది బంతిని గట్టిగా బాదేటప్పుడు.

మిగతా మాటలు ఆటలోకి రాలేదు, మా రోజువారీ బతుకులోకి వచ్చాయి. ఆలస్యంగా వచ్చిన పిల్ల స్లగబెడ్, అంటే పొద్దెక్కినా పక్క దిగని మనిషి. ఆట ఆపే వేళ గ్లోమింగ్, అంటే పొద్దు వాలి ఇంకా చీకటి పడని మునిమాపు. "గ్లోమింగ్ అయ్యిందమ్మా, బంతి కంటికి ఆనట్లేదు, పదండి ఇళ్ళకి," అనేవారు.

ఒకసారి తెనాలిలో పోటీకి ప్యాసింజరులో వెళ్తున్నాం. భట్టిప్రోలులో బండి ఆగాక ఎదుటి సీటాయన పులిహోర పొట్లం విప్పాడు. మాలో ముందు వరసలో ఆడే రమ కళ్ళు దానికి అతుక్కుపోయాయి.

"గ్రోక్ చెయ్యకమ్మా," అన్నారు టీచరుగారు.

"ఏంటండీ అన్నారు?" అన్నాడాయన.

"తినేవాళ్ళ నోటివంక ఆశగా చూడ్డాన్ని గ్రోక్ అంటారండి. పాత ఇంగ్లీషు. ఇప్పుడెవరూ వాడట్లేదు."

"ఎందుకు వాడట్లేదండీ? చూసేవాళ్ళు చూస్తూనే ఉన్నారుగా?" అని ఆయన నవ్వి పొట్లం మా వైపు జరిపాడు. వేమూరు వచ్చేసరికి అందులో కరివేపాకు మిగిలింది. టీచరుగారు మాత్రం ముట్టుకోలేదు. చచ్చిన మాటని ఒక కొత్త మనిషి అంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు జంపని దాకా తనలో తనే నవ్వుకుంటూ కూర్చున్నారు.

అసలు చెప్పాల్సింది బాపట్ల సంగతి.

మేం తొమ్మిదో తరగతిలో ఉండగా బాపట్లలో బడుల పోటీలు జరిగాయి. ఫైనలుకి వచ్చాం. అవతల ఒక పెద్ద ఊరి బడి, పేరెందుకు గానీ, అందరికీ ఒకే రంగు ట్రాక్‌సూట్లు. మాలో కొందరి తల్లులు అదే రోజు చుండూరు వైపు నాట్లకి పోయి ఉన్నారు. చెరొక గేము గెలిచాం. మూడో గేములో మేం కాస్త ముందున్నాం. అప్పుడు వాళ్ళ కోచ్ చెయ్యెత్తుకుని కోర్టులోకి నడిచొచ్చాడు.

"ఆపండి సార్! మా పిల్లల్ని తిడుతున్నారు వీళ్ళు."

ఆట ఆగిపోయింది. పోటీలన్నిటికీ పెద్ద రిఫరీ వచ్చాడు. తెల్ల టోపీ పెట్టుకున్న పెద్దాయన, ఒళ్ళంతా నశ్యం వాసన.

"ఏంటమ్మా అరుస్తున్నారు? ఏ భాష అది?" అనడిగాడు సువార్తని.

"ఇంగ్లీషండి."

"నేను చదివింది ఇంగ్లీషు మీడియమేనండీ," అన్నాడు వాళ్ళ కోచ్. "ఇంగ్లీషులో అట్టాంటి మాటల్లేవు. అసలవి మాటలే కాదు. నోటికొచ్చిన కూతలు."

రిఫరీ టోపీ తీసి తల గోక్కున్నాడు. మా టీచరుగారి వైపు తిరిగి మెల్లగా చెప్పాడు. "చూడండమ్మా, తిట్లని తేలితే కప్పు వాళ్ళకి ఇచ్చెయ్యాలి. మీ మీద పైకి రాయాల్సి వస్తది. మీ బడిని మళ్ళీ పోటీలకి రానివ్వరు."

టీచరుగారు ఒళ్ళోని ఉన్నిని బెంచీ మీద పెట్టారు. మ్యాచి మధ్యలో ఆవిడ చేతులు ఖాళీగా ఉండగా చూడటం అదే మొదటిసారి.

"కప్పు ఇస్తే ఇచ్చెయ్యండి. నా మీద రాస్తే రాసుకోండి. అవి మాటలు కావని మాత్రం అనొద్దండి," అన్నారు.

"పుస్తకంలో చూపించగలరా?"

"పుస్తకం రేపల్లెలో బ్యాట్ల మీదుందండి. ఇక్కడున్నా లాభం లేదు, చచ్చిపోయినయ్యనే రాసుంటది అందులో. మీరే పిలిచి చూడండి. లేస్తయ్యో లేదో మీ కళ్ళతో మీరే చూద్దురు."

ఆయనకి అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. అర్థమయ్యాక ముచ్చటేసినట్టుంది. మా కేకలన్నీ సువార్త చేత చెప్పించుకుని, మా ఐదుగుర్నీ ఎవరి చోట వాళ్ళని నిలబెట్టించి, మా చున్నీలతోనే కళ్ళకి గంతలు కట్టించాడు. చుట్టూ జనం మూగారు. నాకు కనబడేది చున్నీ ఎరుపు ఒక్కటే.

"విడర్‌షిన్స్," అన్నాడు రిఫరీ, కొత్త కూర రుచి చూస్తున్నట్టు.

జరిగాం. ఐదుగురం, ఒకే వైపుకి, ఒకరికొకరు తగలకుండా. జనంలో ఎవరో ఈల వేశారు. యాండర్ అన్నాడు. వెనకున్న ఇద్దరం వెనక్కి పరుగెత్తాం. హిదర్ అన్నాడు, ముందుకొచ్చాం. మళ్ళీ విడర్‌షిన్స్, మళ్ళీ యాండర్, వరస మార్చి మార్చి పిలిచాడు. పిలిచిన ప్రతిసారీ ఐదు జతల కాళ్ళు మట్టిలో ఒక్కసారిగా చప్పుడు చేశాయి. కాసేపటికి చప్పట్లు మొదలయ్యాయి. అవి ఎదుటి జట్టు పిల్లల వైపు నుంచి కూడా వస్తున్నాయని నాకు తెలిసింది. నశ్యం వాసన నా దగ్గరికొచ్చి ఆగింది.

"అవాంట్ అంటే ఏంటమ్మా?"

"పో అవతలికి అనండి."

"ఎవర్ని?"

"బంతినండి."

"ఇంకెవర్నీ కాదుగా?"

"కాదండి. ఒక్కోసారి సువార్తని."

జనమంతా గొల్లుమన్నారు. రిఫరీ కూడా నవ్వాడు. మా గంతలు విప్పించి గట్టిగా చెప్పాడు. "తిట్లు కావు. మాటలే. అర్థమున్న మాటలు. ఆడించండి!" టీచరుగారు ఏమీ జరగనట్టు కూర్చుని ఉన్ని అందుకున్నారు.

మేం ఎగిరి గంతులేశాం గానీ, అంతలోనే అవతలి వైపు చూశాను. వాళ్ళ కోచ్ తన పిల్లల్ని దగ్గరికి పిలిచి చెవిలో చెబుతున్నాడు, నవ్వుతున్నాడు. మా కేకల అర్థాలన్నీ ఇప్పుడు ఊరందరి ముందూ బయటపడ్డాయి. సువార్త యాండర్ అనగానే వాళ్ళ పిల్ల బంతిని నెట్టు పక్కనే పడేసింది. విడర్‌షిన్స్ అంటే మేం జరిగే లోపల ఖాళీ చోట కొట్టేసింది. పాయింటు తర్వాత పాయింటు పోయింది. మమ్మల్ని దాటి చాలా ముందుకెళ్ళిపోయారు. ఇంకొంచెంలో ఆట వాళ్ళది. నేను బెంచీ వైపు చూశాను. ఆవిడ తల ఎత్తలేదు.

సువార్త అరచేతులు చున్నీకి తుడుచుకుంది. వాళ్ళ వైపు చూసింది. మా వీపు వెనక పడమర, పొద్దు బాగా కిందికి దిగింది. వాళ్ళు కళ్ళు చికిలించుకుని నిలబడి ఉన్నారు.

"గ్లోమింగ్!" అని అరిచింది.

అది ఆట మాట కాదు. కోర్టులో ఎప్పుడూ అనలేదు. ఇలా అంటే అలా కొట్టాలని మాకు ఎవరూ చెప్పలేదు. కానీ మునిమాపు అని నాకు తెలుసు కదా! పొద్దు వాళ్ళ కళ్ళల్లో ఉంది. వచ్చిన బంతిని నేను ఎంత ఎత్తుకి లేపగలనో అంత ఎత్తుకి లేపాను. అది తిన్నగా ఆ వెలుగులోకి పోయింది. వాళ్ళ వెనక పిల్లలిద్దరూ చేతులు అడ్డం పెట్టుకుని వెతుక్కుంటుంటే వాళ్ళ మధ్యలో వచ్చి పడింది.

"ఏంటది? ఏమన్నారు?" అని వాళ్ళ కోచ్ కేకలు.

తర్వాత సువార్త గ్రోక్ అంది. వాళ్ళ ముందు వరస పిల్ల నెట్టు దగ్గర నోరు తెరుచుకుని బంతి వంకే చూస్తూ నిలబడింది. రమకి భట్టిప్రోలు పులిహోర గుర్తొచ్చి నవ్వు ఆగలేదు, నవ్వుతూనే బంతిని ఆ పిల్ల చెవి పక్కనుంచి పంపించింది. తర్వాత స్లగబెడ్. వెనక కుడివైపు పిల్ల కాలు కదపడానికి బద్ధకిస్తోంది. మేం అందరం అటే కొట్టాం. ప్రతి మాటా మాకు పుస్తకం ఎత్తిన రోజు నుంచీ తెలుసు. బ్యాటు కోసం చెప్పుకున్న అర్థాలు మా ఒంట్లో ఉండిపోయాయని ఆ సాయంత్రమే మాకూ తెలిసింది. వాళ్ళ కోచ్ పాపం ఏం చెబుతాడు? ఏ మాట దేనికో మాకే ముందు తెలీదు.

చివరి పాయింటుకి రెండు జట్లూ సమానంగా వచ్చి నిలబడ్డాయి. బంతి అటూ ఇటూ పోతోంది. నాకు బాదడానికి మంచి అవకాశం వచ్చింది. చెయ్యి ఎత్తాను.

"ఓవర్‌మారో!" అంది సువార్త.

ఎల్లుండి. ఇప్పుడు కాదు, తర్వాతి దెబ్బకీ కాదు, ఆ తర్వాతిదానికి. ఎత్తిన చెయ్యి దించి బంతిని ఊరికే అవతలికి తోశాను. వాళ్ళు నా బాదుడు కోసం వెనక్కి పోయి ఉన్నారు, పరుగెత్తుకుంటూ ముందుకొచ్చి ఎలాగో తీశారు. రమ మళ్ళీ మెల్లగా తోసింది. వాళ్ళ ఐదుగురూ నెట్టు దగ్గరికి చేరిపోయారు. ఈసారి బంతి సువార్త తల మీదికి వచ్చింది. మా ఐదుగురికీ తెలుసు, ఎల్లుండి వచ్చేసిందని. ఐదుగురం ఒకే గొంతుతో అరిచాం.

"అవాంట్!"

అర్థం వాళ్ళకీ తెలుసు. తెలిసి మాత్రం ఏం చేస్తారు? సువార్త బాదిన బంతి వాళ్ళందర్నీ దాటి గీతకి లోపలగా పడి సున్నం లేపింది. నిజం చెప్పొద్దూ, ఆ ఒక్కసారి మేం పొమ్మన్నది బంతిని ఒక్కదాన్నే కాదు.

జనం కోర్టులోకి వచ్చేశారు. ఓడిన పిల్లల్లో ఒకామె రమ చెయ్యి పట్టుకుని, "అక్కా, గ్రోక్ అంటే ఏంటి?" అని అడుగుతోంది. తెల్ల టోపీ ఆయన టీచరుగారి దగ్గరికొచ్చాడు.

"ఆ కొత్త సిగ్నళ్ళు ఎప్పుడు నేర్పారండీ?"

"సిగ్నళ్ళు కాదండి, మాటలు," అన్నారు టీచరుగారు. "పిల్లలకి అర్థాలు తెలుసు. అంతే."

తెనాలిలో బండి మారి రేపల్లె ప్యాసింజరు ఎక్కాం. దారిలో మమ్మల్ని మెచ్చుకుంటారని అందరం కాచుక్కూర్చున్నాం. చినరావూరు దాటాక సువార్తకి ఒక లవంగం ఇచ్చి, "ఓవర్‌మారో బాగుందే," అన్నారు. అంతకు మించి ఒక్క ముక్క లేదు. సువార్త ఆ లవంగాన్ని కొరకలేదు, రేపల్లె దాకా బుగ్గలోనే ఉంచుకుంది.

మర్నాడు మా ఐదుగుర్నీ ఆటసామాను గదికి పిలిచారు. పుస్తకం తెరిచి ఉంది. చేతిలో కొత్త బ్లేడు. అక్షరం తప్పుపడితే బ్లేడుతో గీకి చెరిపే రోజులు అవి. మాకు తలా ఒక పేజీ చూపించారు.

"సిలువ గీకెయ్యండి. మాట ముట్టుకోకండి."

నాది గ్లోమింగ్. కాగితం చిరగకుండా ఊపిరి బిగబట్టి గీకాను. టీచరుగారు వంగి ఆ పొడిని ఉఫ్‌మని ఊదారు. "ఊఁ. ఇది లేచింది," అన్నారు. ఓవర్‌మారో దగ్గరికొచ్చేసరికి సువార్త చేతిలోంచి బ్లేడు తీసుకుని తనే గీకారు. ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి.

భూస్థాపనకి నేను బిటైమ్స్ వెళ్ళాను. పెట్టెలో కూడా తెల్ల బూట్లే తొడిగారు, లేసులు బిగించి. పాస్టరుగారు ప్రార్థన చేశారు. అందరూ తలా పిడికెడు మట్టి వేశారు. తలవైపు కొత్త కర్ర సిలువ నాటారు, దాని మీద తెల్లరంగుతో ఆవిడ పేరు. నేను ఆ పేరునీ, ఆ సిలువనీ చూస్తూ నిలబడిపోయాను. సువార్త నా పక్కకి వచ్చింది. తనూ అదే చూస్తోంది.

"బ్లేడుందా?" అని నా చెవిలో అంది.

కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా నవ్వు ఆగలేదు. సువార్త భుజాలు కదిలిపోతున్నాయి. ఏడుస్తున్నాం అనుకుని ఎవరో పెద్దామె మా వీపులు నిమిరింది. అప్పుడు నిజంగానే ఏడ్చాం.

తిరిగి స్టేషనుకి పోతూ బడి గ్రౌండు మీదుగా నడిచాం. సాయంత్రమైంది. ఆడపిల్లలు ఆడుతున్నారు. బ్యాట్లు ఇప్పుడు కర్రవి కావు, బంతి మాత్రం అదే పసుపు.

"యాండర్!" అని కేక వినబడింది.

ఇద్దరం ఆగిపోయాం. టీచరుగారు రిటైరై ఎన్నేళ్ళో అయింది. ఆ తర్వాత ఎందరో డ్రిల్లు మాస్టార్లు మారారు. గీత దగ్గరున్న పిల్లని పిలిచాను.

"పాపా, యాండర్ అంటే ఏంటమ్మా?"

"అల్లంత దూరం పొమ్మని ఆంటీ."

"ఏ భాష అది?"

ఆ పిల్ల నన్ను వింతగా చూసింది. "ఏ భాషేంటి ఆంటీ? రేపల్లెలో అందరం అట్టానే అంటాం. మా అక్కలు అనేవాళ్ళు."

"ఎనాన్ అని కూడా అంటారా?"

"అంటాం. మా మాటలు మీకెట్టా తెలుసాంటీ?"

సువార్త అప్పటికే ఒక పిల్ల చేతిలోంచి బ్యాటు లాక్కుంది. నేనూ ఒక బ్యాటు అడిగి తీసుకుని, చెప్పులు విడిచి, కుచ్చిళ్ళు ఎత్తి నడుములో దోపుకుని వెనక ఎడమవైపు నిలబడ్డాను. మోకాళ్ళు నొప్పులని ఎవరికీ చెప్పలేదు. బంతి వచ్చింది. మా వెనక పొద్దు వాలుతోంది.

"గ్లోమింగ్!" అంది సువార్త.

నా చెయ్యి తనంతట తనే లేచింది. పసుపు బంతి ఆ వెలుగులోకి పోయి, అవతలి పిల్లలు కళ్ళకి చేతులు అడ్డం పెట్టుకునే లోపల వాళ్ళ మధ్యలో పడింది. ఇందాక యాండర్‌కి అర్థం చెప్పిన పిల్ల నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"అదేంటాంటీ? ఆ మాట మాకు తెలీదు."

అర్థం చెప్పాను. ఆ పిల్ల పడమటి వైపు తిరిగి చూసి, పెదాలు కదుపుతూ తనలో తను ఒకసారి అనుకుని తన చోటికి పోయింది. తర్వాతి బంతికి నేనూ అరవలేదు, సువార్తా అరవలేదు. ఆ పిల్లే అరిచింది, గ్లోమింగ్ అని.